రక్షణాహ్వానమునందు అధికారివిచారము: ఆండ్రూ ఫుల్లర్ వాదపరీక్ష

క్రైస్తవమతమున రక్షణ యెల్లవారికిని ఉద్దేశింపబడినదా, లేక దేవునిచే ముందుగా ఏర్పరుపబడిన కొందఱికేనా యను వివాదము మిక్కిలి ప్రాచీనమైనది. 1618–19 సంవత్సరములలో హాలండునందలి డోర్టు నగరమున జరిగిన సభ ఆర్మీనియసు అనుయాయుల మతమును నిరాకరించి, మనుష్యుల యేర్పాటు కేవలము దేవుని కృపాధీనమని నిర్ణయించినది. అయినను ఆ సభయే క్రీస్తుమరణము సర్వలోక పాపములకును చాలినదనియు, సువార్త భేదము లేక జనులందఱికిని ప్రకటింపబడవలయుననియు శాసించినది. రక్షణ కొందఱిదే యైనచో ఆహ్వానము అందఱిది యెట్లగును? ఈ ప్రశ్నకు 18వ శతాబ్దిలో ఇంగ్లండునందు ఆండ్రూ ఫుల్లర్ (1754–1815) చెప్పిన సమాధానమును పరీక్షించుట ఈ వ్యాసమున కుద్దేశము.

డోర్టు నిర్ణయములలో మొదటిదానిని గట్టిగా పట్టుకొని రెండవదానిని సడలించినవారు ఇంగ్లండున కొందఱు బయలుదేరిరి. జోసెఫ్ హస్సీ యను బోధకుడు 1707లో ప్రకటించిన గ్రంథమున, కృప దేవుని క్రియయే కాని మనుష్యులకు చూపి పుచ్చుకొమ్మని చెప్పదగిన వస్తువు కాదని పేరునందే సూచించెను. బాప్టిస్టులలో మహాపండితుడని పేరొందిన జాన్ గిల్ (1697–1771) కూడ ఆ విధమగు ఆహ్వానభాషను అంగీకరింపలేదు. వీరి తర్కము సులభమైనది. పాపి తనంతట తాను విశ్వసింపలేడు. లేనివానిని విశ్వసింపుమనుట కుంటివానిని పరుగెత్తుమనుటవంటిది. కావున బోధకుడు సత్యమును వివరింపవలయునే కాని, వినువారినందఱిని విశ్వసింపుడని పిలువరాదు.

ఈ తర్కఫలము పండితుల గ్రంథములలోనే నిలిచిపోలేదు. ఫుల్లర్ బాల్యమున సోహం గ్రామమునందలి సంఘములో వినిన ప్రసంగములు ఇట్టివే. అచ్చటి బోధకుడు రక్షణ పొందనివారితో మాటాడుటయే అరుదు. తన పాపమును గుర్తించిన బాలుడు క్రీస్తును ఆశ్రయింపగోరి, ఆశ్రయించుటకు తనకు అనుమతి కలదా యని భయపడెను. పిలువని పేరోలగమునకు ప్రాణములకు తెగించి పోయిన ఎస్తేరు రాణివలె తాను క్రీస్తును చేరితినని ఆతడు తరువాత తన చరిత్రలో చెప్పుకొనెను. ఎవరికి ద్వారము తెఱచియున్నదో యను ప్రశ్న ఆతనికి మొదట శాస్త్రవిషయము కాదు, ప్రాణసంకటము.

ఆ సంఘముననే 1770లో వేఱొక సంఘటన జరిగినది. సభ్యుడొకడు త్రాగి పట్టుబడెను. ఫుల్లర్ మందలింపగా, నన్ను నేను నిగ్రహించుకొనుట నా వశము కాదని ఆతడు బదులు చెప్పెను. మనుష్యునికి దైవాజ్ఞను పాటించు శక్తి కలదా యను వివాదము దీనినుండి పెరిగి సంఘమును చీల్చెను; మరుసటి యేడు బోధకుడు సంఘమును విడిచిపోయెను. ‘వశము కాదు’ అను మాట కర్థమేమి? 1785లో వెలువడిన ఫుల్లర్ గ్రంథము, సువార్త సర్వులును అంగీకరింపదగినదని పేరునందే చాటునది, ఒక విధముగా ఈ త్రాగుబోతునకు చెప్పిన సమాధానమే.

ఈ వాదస్వరూపమును గ్రహించుటకు మన మీమాంసకుల పరిభాష ఉపకరించును. విధివాక్యమునకు అధికారి యెవడు? ఫలమునందు కోరిక గలవాడు అర్థి. కర్మము నాచరింప శక్తిగలవాడు సమర్థుడు. ఆజ్యమును చూడలేని అంధునకును, విష్ణుక్రమములు నడువలేని పంగునకును యాగాధికారము కలదా యని జైమినిసూత్రముల ఆఱవ యధ్యాయమున విచారము కలదు. గిల్ మున్నగువారి పక్షము ఈ మార్గముననే నడచినది. పాపి అసమర్థుడు, కావున విశ్వాసవిధి వానికి చెల్లదు. తన పాపమును గుర్తించి దప్పిగొన్నవానిని మాత్రము ఓదార్చి పిలువవచ్చును. ఏలయన వాడొక్కడే అర్థి.

ఫుల్లర్ మొదట సామర్థ్యహేతువును ఖండించెను. అమెరికా వేదాంతి జోనతన్ ఎడ్వర్డ్స్ 1754లో సంకల్పస్వాతంత్ర్యమునుగూర్చి వ్రాసిన గ్రంథమునుండి ఆతడు గ్రహించిన భేదమిది: అశక్తి రెండు విధములు. కాళ్లు లేనివాడు నడువలేడు, ద్వేషించువాడు ప్రేమింపలేడు. రెండుచోట్లను ‘లేడు’ అనియే అందుము. కాని మొదటివానికి సాధనము లేదు, రెండవవానికి ఇష్టము లేదు. మొదటిది విధినుండి విడుదల చేయును, రెండవది చేయదు. అట్లు చేసినచో ద్వేషము ముదిరినకొలది దోషము తగ్గుననవలసివచ్చును. పాపి యశక్తి రెండవజాతిదని ఫుల్లర్ సిద్ధాంతము. దైవవిరోధులగు రాజులనే కుమారునికి లోబడుడని ఆజ్ఞాపించు కీర్తనల 2వ అధ్యాయమును, అవిశ్వాసులనే విశ్వసింపుడను యోహాను సువార్త 12వ అధ్యాయమును ఆతడు ప్రమాణములుగా చూపెను.

రెండవ ఖండనము విశ్వాసలక్షణమునకు సంబంధించినది. పూర్వపక్షులలో పెక్కురు, క్రీస్తు నావాడు, నేను రక్షింపబడితిని, అను నిశ్చయమే విశ్వాసమనిరి. ఆ లక్షణము సరియైనచో ఏర్పాటులో లేనివానిని విశ్వసింపుమనుట అసత్యమును నమ్ముమనుటయే యగును. విశ్వాసవిషయము తన రక్షణ కాదు, దేవుడు తెలిపిన సత్యము అని ఫుల్లర్ దానిని మార్చెను. సత్యము ఎల్లరకు నొక్కటియే. కావున దానిని అంగీకరించు విధియు ఎల్లరది. గ్రంథమున కెల్ల మూలస్తంభము ఈ లక్షణపరిష్కారమేయని నా యభిప్రాయము. ఏర్పాటును తడవకయే ఇది ఆహ్వానమును విశాలము చేసినది.

మీమాంసాసామ్యము ఇచ్చట నిలిచిపోవును. కోరిక లేనివానిని కామ్యవిధి కట్టదు. ఫుల్లర్ మతమున కోరిక లేకుండుటయే దోషము. ఆతడు కామ్యముగా భావింపబడిన దానిని నిత్యమునకు సన్నిహితముగా తెచ్చినాడనవచ్చును. మన పరిభాష పూర్వపక్షమును వివరించినంత బాగుగ సిద్ధాంతమును వివరింపదు.

అయితే సిద్ధాంతము నిర్దుష్టమా? సర్వజనప్రాయశ్చిత్తవాదియగు డాన్ టేలర్ వెంటనే ఒక ఆక్షేపమును తెచ్చెను. అనిష్టము జన్మసిద్ధమై, దానిని తొలగించు కృప కొందఱికే యీయబడునేని, తక్కినవారు దోషులెట్లగుదురు? ఇష్టము లేదనుటకును ఇష్టపడజాలడనుటకును భేదమేమి? దీనికి ఫుల్లర్ సమాధానము బలహీనముగనే యున్నది. దోషము దాని జన్మమునుబట్టి కాక స్వభావమునుబట్టి నిర్ణయింపబడునని చెప్పినచో న్యాయస్థానమునకు చాలును. దైవన్యాయమునుగూర్చి ప్రశ్నించు ఆర్తునకు చాలదు. టేలర్‌తో వాదించిన పిమ్మట ఆతడే ప్రాయశ్చిత్తవిషయమున తన మాటను కొంత మార్చుకొనెను. 1801లో వెలువడిన రెండవ కూర్పున, క్రీస్తుమరణము స్వతః సర్వులకును చాలినది, ప్రత్యేకత దాని వినియోగసంకల్పమున నున్నది, అను పక్షమున నిలిచెను. ఆహ్వానము యథార్థము కావలెనన్నచో విందులో అందఱికిని సరిపోవు అన్నముండవలెను గదా! ఈ మార్పు పరాజయము కాదు, వాదమున కవసరమైన పూరణమే. కాని సంకల్పరహస్యమును అది ఛేదింపలేదు. బోధకుడు ఎవరిని పిలువవలయునను ప్రశ్నకు ఫుల్లర్ ఉత్తరమిచ్చెను. దేవుడు కొందఱినే యేల మార్చునను ప్రశ్నకు ఈయలేదు.

ఆ మొదటి యుత్తరమునకే చరిత్రలో ఫలము కలిగినది. ఫుల్లర్ మొదటి కూర్పు నామమున మనుష్యుల ‘బాధ్యతలు’ అను పదము కలదు. 1792లో విలియం కేరీ ప్రకటించిన 87 పుటల పుస్తకము నామమునను ఆ పదమే కలదు; కాని యిచ్చట బాధ్యత వినువారిది కాదు, ఇతరదేశీయుల కొఱకు సాధనములను ఉపయోగింపవలసిన క్రైస్తవులది. సర్వజనులకు బోధింపుడను క్రీస్తు ఆజ్ఞ అపొస్తలులతోనే ముగిసినదను వారిని కేరీ ఖండించెను. ఇదియు అధికారివిచారమే. వినువారందఱికి విధియున్నదని ఫుల్లర్ స్థాపింపగా, చెప్పువారికిని విధియున్నదని కేరీ స్థాపించెను. ఆ యేటనే అక్టోబరు 2వ తేదీన కెటరింగ్‌లో బాప్టిస్టు మిషనరీ సంఘము ఏర్పడినది. ఫుల్లర్ మరణపర్యంతము దానికి కార్యదర్శి. ఆ సంఘము పంపిన కేరీ శ్రీరాంపురమున 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. తెలుగు అచ్చుపుస్తకముల చరిత్రలో దీనిని తేదీగా మాత్రమే గుర్తించు పరిశోధకులు, ‘అందఱు’ అను పదముపై ఆంగ్లదేశమున జరిగిన వివాదమును దీని వెనుక గమనింపవలయును. ఆహ్వానము అందఱిదైనచో అది అందఱి భాషలలోను వినబడవలయును. లేనిచో ‘సర్వులు’ అను మాట అర్థవాదముగనే మిగులును.

కావున ఫుల్లర్ గ్రంథమును తత్త్వనిర్ణయముగ కాక విధివాక్యమీమాంసగ చదువుట యుక్తము. రక్షింపబడువారి సంఖ్యను ఆతడు పెంచలేదు. పిలువదగినవారి సంఖ్యకు మాత్రము హద్దు లేదని నిరూపించెను. టేలర్ ప్రశ్న నేటికిని అట్లే నిలిచియున్నది. సోహం బాలుని భయమునకు మాత్రము సమాధానము దొరకినది.