పగ ఎవరిది, చావు ఎవరిది?

పెళ్ళి నాడే పెళ్ళికూతుర్ని చంపేశాడొకడు. పెళ్ళికొడుకు ఆ పెళ్ళి సూటు వదలకుండా, చంపినవాణ్ణి వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతుంటాడు. వాడి గురించి అతనికి తెలిసిందల్లా ఒకటే, వాడి చేతికి ఇనుప పంజా ఉంటుంది. జపాన్‌లో 2005లో 26 భాగాలుగా ప్రసారమైన ‘గన్ సోర్డ్’ అనే యానిమే కథ ఇది. దర్శకుడు గోరో తనిగుచి. ఇంతకన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్న ‘కోడ్ గియాస్’ తీసిందీ ఆయనే. అది 2006లో మొదలై, రెండో విడత 2008లో వచ్చింది. రెండూ మనుషులు లోపల కూర్చుని నడిపే భారీ రోబోల కథలు. రెండూ పగ కథలు. రెండింట్లోనూ పగ ఒక స్త్రీ చావు నుంచి పుడుతుంది.

వీటిని నేను వెతుక్కుని చూడలేదు. గరివిడిలో నా దగ్గర సాహిత్యం పాఠాలు చెప్పించుకోడానికి వచ్చే డిగ్రీ అమ్మాయిలు చూడమన్నారు. వాళ్ళు ఫోన్లలో, కింద ఇంగ్లీషు మాటలు చదువుకుంటూ చూస్తారు. ఇంత రక్తపాతంలో మీకేం నచ్చిందర్రా అని అడిగితే ఒకమ్మాయి, “అతను తన కోపానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోడు మేడమ్” అంది. ఆ ఒక్క మాట కోసమే నేను 26 భాగాలూ చూశాను. పగ కథలు మగవాళ్ళ కథలనీ, ఆడపిల్లలు వాటిని ఇష్టపడటం అరువు తెచ్చుకున్న అభిరుచి అనీ అనేసి ఊరుకోవడం తేలిక. కానీ ఆ అమ్మాయి చెప్పిన కారణం అరువుది కాదు.

కథానాయకుడు వాన్ కత్తి దూస్తే ఆకాశం నుంచి ‘డాన్’ అనే రోబో దిగి వస్తుంది. అతని శరీరానికీ ఆ యంత్రానికీ విడదీయరాని ముడి ఉంది. కొన్నాళ్ళకొకసారి అందులోకి వెళ్ళకపోతే అతను బతకడు. కోపానికి ఇంతకన్నా సూటి రూపం నాకు కనబడలేదు. పిలిస్తే వస్తుంది, మేడంత ఎత్తుంటుంది, మనిషిని నిలబెడుతుంది, మింగేస్తుంది కూడా. మాది ఫెర్రో అల్లాయిస్ ఫర్నేసుల చుట్టూ పెరిగిన ఊరు. పెద్ద యంత్రాలు ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఆడపిల్ల కోపం ఆ కొలతలో ఉండటమే వింత. దాన్ని చిన్నప్పటినుంచీ గొంతులోనే ఆపుకోవడం నేర్పుతాం. అది తలనొప్పిగానో, అలకగానో, అన్నం మానెయ్యడంగానో బయటికొస్తుంది. మేడంత కోపాన్ని తెరమీద చూసినప్పుడు కలిగే ఉపశమనం ఉత్త కాలక్షేపం కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. వాన్ గొప్పవాడు కాదు. బద్ధకస్తుడు, మనుషుల పేర్లు గుర్తుపెట్టుకోడు, బల్లమీదున్న మసాలాలూ సాసులూ అన్నీ ఒకే పళ్ళెంలో కుమ్మరించుకుని తింటాడు. లోకం కోసం పోరాడుతున్నానని ఎప్పుడూ అనడు. లోకం కోసం మాట్లాడేవాడు ఇక్కడ విలన్. పంజా మనిషి ముసలివాడు, మృదుభాషి, అందరినీ పేరుపేరునా ఆప్యాయంగా పలకరిస్తాడు. కలహమే లేని లోకాన్ని తయారుచెయ్యాలని అతని తపన. చుట్టూ ఉన్నవాళ్ళు అతన్ని దేవుడిలా ప్రేమిస్తారు. ఇంత మంచి పనికి కొన్ని చావులు అడ్డొస్తే అతనికి అదేమీ పెద్ద విషయంగా తోచదు.

ఈ విలన్ని మనం ఎక్కడ చూశామో చెప్పనక్కర్లేదు. “గొడవెందుకమ్మా” అని మెత్తగా చెప్పే పెద్దమనిషి అతను. దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన పిల్లని సర్దుకుపొమ్మనే పంచాయితీలో పెద్ద కుర్చీ అతనిది. శాంతి అనే మాట ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ళ దగ్గరికే వచ్చి త్యాగం అడుగుతుంది. కొట్టినవాడి గుమ్మంలోకి వెళ్ళదు. పగ చెడ్డదని చెప్పే కథలు మనకి కొల్లలు. క్షమించమని ఎవరు ఎవర్ని అడుగుతున్నారో చూపించే కథలు తక్కువ. ‘గన్ సోర్డ్’ ఆ పని చేస్తుంది. అందులోని ఆకర్షణకి అసలు మూలం రోబో కన్నా ఇదేనని నా నమ్మకం.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఎలెనా?

చనిపోయిన ఆ పెళ్ళికూతురి పేరది. 26 భాగాల్లో ఆమె మనకి దొరికేది తునకలు తునకలుగానే. తెల్ల గౌను, నవ్వు, నెత్తురు. ఆమెని కథ చంపిన వేగం చూస్తే, కథకి ఆమె చావు ఎంత అవసరమో బతుకు అంత అవసరం లేదని తెలుస్తుంది. వాన్‌తోపాటు పంజా మనిషిని వెంటాడే రే లండ్‌గ్రెన్ అనే అతనికీ ఇదే కథ. అతని భార్య షినోని కూడా వాడే చంపాడు. మధ్యలో ఎవరు పోయినా రే లెక్కచెయ్యడు. ఇద్దరు మగవాళ్ళు, రెండు యంత్రాలు, రెండు శవాలు. శవం ఇక్కడ ఇంధనం. ఇంధనానికి అభిప్రాయాలుండవు.

దీన్ని జపాన్ వాళ్ళ జబ్బు అనుకుని ఊరుకోవడానికి వీల్లేదు. గరివిడి నుంచి బస్సెక్కితే బొబ్బిలి ఎంతో దూరం లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటని ముట్టడించారు. కోట నిలవదని తేలాక, శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలి స్త్రీలనూ పిల్లలనూ తమవాళ్ళే చంపారు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు సమయానికి అందుకోలేకపోయాడు. ఆ తర్వాత రాత్రివేళ గుడారంలో చొరబడి విజయరామరాజుని పొడిచి పగ తీర్చుకున్నాడు. బుర్రకథల నుంచి 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’, 1986 నాటి ‘తాండ్ర పాపారాయుడు’ సినిమాల దాకా ఈ కథ విని, చూసి ఒళ్ళు గగుర్పొడవని తెలుగువాళ్ళు అరుదు. నా ఒళ్ళూ గగుర్పొడుస్తుంది.

కానీ ఒక చిన్న ప్రశ్న వేసుకుని చూడండి. ఆ స్త్రీల మీద పడిన కత్తి ఎవరి చేతిలో ఉంది? తండ్రులవో, భర్తలవో, వాళ్ళని నమ్ముకున్న బంట్లవో ఆ చేతులు. పాపారాయుడి కత్తి మాత్రం గుడారంలోని విజయరామరాజు వైపు తిరిగింది. ముట్టడికి అతను బాధ్యుడు, సందేహం లేదు. అయినా ఆడవాళ్ళు బతికుండి చేతికి చిక్కడం కన్నా చావడమే మేలని తీర్పు చెప్పింది అతను కాదు. ఆ తీర్పు కోట లోపలిది. ఆ తీర్పు మీద ఎవరూ పగ పట్టలేదు. పగ కథ ఎంత ఉద్వేగంగా నడిస్తే లోపలి చెయ్యి అంత బాగా కనుమరుగవుతుంది. ఆ చావులు పరువుగా మారాయి, పాటగా మారాయి, వంశానికి కీర్తిగా మారాయి. చనిపోయినవాళ్ళకి అందులో ఏం మిగిలిందో ఎవరూ అడగలేదు. పరువు కోసం కన్నకూతుర్ని చంపిన తండ్రుల వార్తలు ఇప్పటికీ పేపర్లో చదువుతున్నాం కాబట్టి ఇది 1757తో అయిపోయిన ముచ్చట కాదు.

ఈ ప్రశ్నతో చూసినప్పుడే ‘గన్ సోర్డ్’ ముగింపు నాకు ముఖ్యమనిపించింది. చివరి పోరులో పంజా మనిషి తన కొత్త లోకంలో ఎలెనా తిరిగి వస్తుందని ఆశపెడతాడు. వాన్ మండిపడతాడు. చచ్చిపోయినవాళ్ళు రారు, ఆమె ప్రాణం తీసింది చాలక ఇప్పుడు ఆమె చావుని కూడా ఎత్తుకుపోతావా అని అడుగుతాడు. పగ కథలన్నిటిలో నాకు ఇంత విలువైన మాట దొరకలేదు. చనిపోయిన మనిషికి తన చావు మీద హక్కు ఉంటుందని, దాన్ని ఎవరి ఆదర్శానికీ వాడుకోకూడదని దాని అర్థం. బొబ్బిలి కోటలో ఆడవాళ్ళ విషయంలో జరిగింది సరిగ్గా ఆ రెండో దొంగతనమే.

వాన్ ఆ మాట అంటాడు గాని, దాని వెనకే వచ్చే ప్రశ్న అతనికి తట్టదు. ఎలెనా పగ తీర్చమందా? అడిగేందుకు ఆమె లేదు. బతికుండి, జుట్టు విరబోసుకుని, నా పగ ఇదీ అని నోటితో చెప్పిన ద్రౌపదిని మనవాళ్ళు కురుక్షేత్రానికి కారణమని ఆడిపోసుకున్నారు. నోరులేని స్త్రీ మీద నడిచే పగకి ఆ చిక్కు ఉండదు. అది మగవాడిది మాత్రమే అవుతుంది, పవిత్రంగానూ ఉంటుంది.

ఆ చిక్కులోకి తనిగుచి తర్వాతి కథ ‘కోడ్ గియాస్’ తలదూర్చింది. లెలూష్ అనే రాకుమారుడు తల్లి మరియాన్ హత్యకి పగబట్టి, ముసుగేసుకుని, తండ్రి సామ్రాజ్యం మీదే యుద్ధానికి దిగుతాడు. చివరికి ఆ తల్లి పూర్తిగా చనిపోలేదనీ, ఆమె మనసు ఇంకొక అమ్మాయి శరీరంలో దాగి ఉందనీ తెలుస్తుంది. ఆమె నోరు విప్పితే, కొడుకు ఇన్నేళ్ళూ పూజించిన తల్లి కాదు. మనుషుల మనసులన్నిటినీ ఒకటిగా కలిపేసే భర్త పథకంలో ఆమె భాగస్వామి. లెలూష్ పగ కాళ్ళకింద నేల జారిపోతుంది. చనిపోయిన స్త్రీ మాట్లాడితే పగ కథ కూలిపోతుందని ఇంత స్పష్టంగా చూపించిన కథ అరుదు. కాకపోతే ఆమెని మాట్లాడించిన వెంటనే రాక్షసిని చేసి మాయం చేసెయ్యడం నాకు నచ్చలేదు. దేవత కాకపోతే రాక్షసి. మధ్యలో మామూలు మనిషి ఉండటానికి ఇక్కడా చోటు లేదు.

ఆ చోటు కాస్త దొరికింది కాలెన్ అనే అమ్మాయికి. ఎర్ర రోబో గురెన్‌ని నడిపే యోధ. ఆమె కోపానికి ఒక శవమే ఆధారం కాదు. అన్న పోయాడు నిజమే. కానీ తల్లి బతికే ఉంది, తండ్రి ఇంట్లోనే పనిమనిషిగా, మత్తుమందుకి అలవాటుపడి. మగాణ్ణి పట్టుకుని వేలాడుతోందని కూతురు ఆమెని ఈసడించుకుంటుంది. కూతురికి దగ్గరగా ఉండటానికే ఆ చాకిరీకి ఒప్పుకుందని తెలిసిన రోజున ఆ కోపం దిక్కు మార్చుకుంటుంది. ఆ తల్లీకూతుళ్ళ కథలో అమ్మాయిలకు ఏం కనిపించిందో నాకు అర్థమైంది. అయితే కాలెన్ రోబోలో కూర్చున్న ప్రతిసారీ కెమెరా ఆమె ముఖాన్ని వదిలేసి ఒంటి మీదకి పోతుంది. యంత్రం ఇచ్చారు గాని, చూసే కన్ను మార్చలేదు.

‘గన్ సోర్డ్’లో నేను ఎక్కువ కాలం గుర్తుంచుకునేది వెండీ గారెట్ అనే చిన్నపిల్లని. చేతిలో తాబేలు, మనసులో ఒకే పని. ఎత్తుకుపోయిన అన్నని వెనక్కి తెచ్చుకోవాలి. తీరా అన్న దొరికేసరికి, అతను బందీ కాదు, పంజా మనిషికి ఇష్టపూర్వకంగా అనుచరుడయ్యాడు. వాన్ వెతికింది చంపడానికి, ఆమె వెతికింది కాపాడటానికి. కాపాడాల్సిన మనిషి తన ఊహలోని మనిషి కాదని తెలుసుకుని కూడా ఆమె వెనక్కి తిరగదు, ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. చనిపోయినవాళ్ళతో వాన్‌కి కుదరనిది బతికున్నవాళ్ళతో ఈ పిల్ల చేస్తుంది.

కోపం మానుకోమని మా అమ్మాయిలకు నేను చెప్పను. ఆ పని చేసేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఎవరి మీద కోపమో పేరు పెట్టి చెప్పమంటాను. ఈ పత్రిక చదివే రచయిత్రులను నేను అడిగేదీ అలాంటిదే. బొబ్బిలి కోటలో ఆ రోజు కత్తి కింద కూర్చున్న ఒక స్త్రీ, రాణి కానక్కర్లేదు, చెలికత్తె అయినా సరే, తన నోటితో చెప్పే కథ ఒకటి రాయండి. ఆమె వేలు గుడారం వైపే చూపిస్తుందని నేననుకోను.