కోణాక్షరములు: క్రౌవెల్ లిపిపై ఒక విమర్శ

యంత్రమునకు తగినట్లు అక్షరమును మార్చవలెనా, అక్షరమునకు తగినట్లు యంత్రమునా? డచ్చి శిల్పి విమ్ క్రౌవెల్ 1967లో వెలువరించిన 'న్యూ ఆల్ఫబెట్' మొదటి పక్షమునకు నిదర్శనము. ఎలెక్ట్రానిక్ కిరణముతో అక్షరములు కూర్చు తొలి యంత్రములలో గారమాండ్ వంటి ప్రాచీనాక్షరముల వంపులు మెట్లుమెట్లుగా చెదరుట ఆయన చూచెను. వంపులు నిలువనిచో వంపులే లేని లిపిని కల్పింపవచ్చునని తలచెను. అందున్నవి నిలువు గీతలు, అడ్డగీతలు మాత్రమే; మూలలు 45 డిగ్రీలకు తెగగొట్టబడినవి.

కోణములవలననే ఈ లిపి దుర్బోధమైనదను వాదమును మేమంగీకరింపము. కోణమయమైన గోథిక్ అక్షరములను జర్మనులు శతాబ్దములపాటు హాయిగా చదువుకొనిరి. లోపము వేరొకచోట నున్నది. 'ఎన్' క్రింద గీత గీసి 'ఎమ్' అనియు, 'వి' క్రింద గీత గీసి 'డబ్ల్యు' అనియు చెప్పినచో, చదువరి కన్ను ఎరిగిన ఆనవాలు పోయినది. క్రౌవెల్ దీనిని వాడుకకుగాక సిద్ధాంతముగనే ప్రతిపాదించెను. అది ఆయన నిజాయితీ. 1988లో జాయ్ డివిజన్ గాయకబృందపు 'సబ్‌స్టన్స్' అట్టపై ఈ లిపిని వాడిన పీటర్ సావిల్, బ్రెట్ వికెన్స్‌లు చదువుటకు వీలుగా కొన్ని అక్షరములను మార్చిరి. ఏ విమర్శకుని మాటకన్నను ఆ సవరణయే గట్టి తీర్పు!

తెలుగున కోణాక్షరములు చెక్కువారు వంపులు పోవునని వెరవనక్కరలేదు. ఎంత పలకలుగా మలచినను 'ద' దకారమే. అడుగున చిన్న గీటు పడినంతనే అది 'ధ' యగును. 'ప', 'ఫ'ల నడుమ నున్నదియు అంతియే.