వేషం దించని మల్లుడు

హిరోషిమాలో 1964లో పుట్టిన కెయిచి యమడాకు కుస్తీ పిచ్చి. ఎత్తు చూస్తే 170 సెంటీమీటర్లు. పొట్టివాణ్ణి న్యూ జపాన్ కుస్తీ సంస్థ తీసుకోదని మెక్సికో పోయి పట్లు నేర్చాడు. అక్కడే ఆ సంస్థవాళ్ల కంటబడి 1984లో బరిలోకి దిగాడు.

అసలు వేషం ఐదేళ్లకు పడింది. గో నగాయ్ అల్లిన టీవీ కార్టూన్ వీరుడు జూషిన్ లైగర్. 1989 ఏప్రిల్ 24న టోక్యో డోమ్‌లో కొమ్ముల ముసుగు, ఒళ్లంతా కప్పే ఎర్ర దుస్తులతో యమడా ఆ వీరుడై వచ్చాడు. కార్టూన్ ఏడాది తిరక్కుండానే ముగిసింది. వేషం మాత్రం ముప్పై ఏళ్లు ఆడింది!

ముసుగుంటే పని తేలికనుకుంటారు చాలామంది. నిజానికి ముఖం చేయాల్సిన చాకిరీ అంతా ఒంటిమీద పడుతుంది. కనుబొమ ముడిపడదు, పెదవి వణకదు. నొప్పీ కోపమూ మెడ, భుజాలు, నడకే చెప్పాలి. దెబ్బ తిని లేచే తీరులోనే ఆఖరి వరుసవాడికి కథ అర్థం కావాలి. రాయకోట చుట్టుపక్కల ద్రౌపదమ్మ తిరునాళ్లలో భారతం చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. రంగు దట్టించిన ముఖం, భుజకీర్తులు, కిరీటం సరే; తెర దించకముందే గజ్జెల అడుగులో దుర్యోధనుడి పొగరు వినిపించకపోతే ఆ వేషగాణ్ణి జనం లెక్కచేయరు.

లైగర్ ఆ లెక్కలో తప్పలేదు. 1996లో మెదడులో కణితి బయటపడినా మళ్లీ బరికెక్కాడు. ఆ ఏడే ఓ పోటీలో ప్రత్యర్థి గ్రేట్ ముటా అతని ముసుగు చింపేస్తే, కింద తెల్లరంగు పూసిన మరో ముఖం! వేషం కింద వేషం.

మరో జపాన్ మల్లుడు మిత్సుహారు మిసావాది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. 1984 నుంచి అతను టైగర్ మాస్క్ అనే ముసుగు వేషం కట్టిన రెండో మల్లుడు. 1990 మే 14న పోటీ మధ్యలోనే జోడీదారు కవాడాతో ముసుగు ముడి విప్పించుకున్నాడు. నెల తిరక్కుండా, జూన్ 8న, జంబో త్సురుతాను ఓడించి పెద్ద మల్లుల వరుసలో చేరాడు. ముసుగు అతనికి అడ్డమే అయింది.

ఇద్దరిలో ఎవరంటే ఈ కాలమ్ ఓటు లైగర్‌కే. సొంత ముఖంతో గెలవడం ఒక ఎత్తు, ఎవరో గీసిన బొమ్మకు మూడు దశాబ్దాలు ప్రాణం పోయడం మరో ఎత్తు. 2020 జనవరి 5న అదే టోక్యో డోమ్‌లో, పాత ప్రత్యర్థి సానోను జోడీగా తెచ్చుకుని, ఆఖరి పోటీ ఆడాడు. కుర్రాడు హిరోము తకహషి చేతిలో ఓడాడు. ముసుగు తీయలేదు. ఆ ఏటి డబ్ల్యూడబ్ల్యూఈ హాల్ ఆఫ్ ఫేమ్ జాబితాకెక్కింది కూడా లైగర్ పేరే, యమడాది కాదు.