ఇసుక బస్తాల ప్రయాణం

కొత్త రకం రైలు పెట్టెలో మొదట ప్రయాణం చేసేది మంత్రిగారు కాదు, పూలదండలు పట్టుకొని నిలబడ్డ కార్యకర్తలూ కాదు. ఇసుక బస్తాలు. పెట్టె నిండా జనం ఎక్కితే ఎంత బరువవుతుందో లెక్కగట్టి, అంత బరువును బస్తాల రూపంలో సర్దుతారు. వాటి మధ్య నేల మీద వైర్లు పరుచుకొని ఉంటాయి. చక్రాల చట్రానికి సరిగ్గా పైన కుదుపును కొలిచే పరికరాలు బిగిస్తారు. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో ఇంజినీర్లు పెట్టెలోనే కంప్యూటర్ల ముందు కూర్చుని, కిటికీ వైపు తల తిప్పకుండా, తెర మీద వంకరటింకరగా సాగే గీతల్నే చూస్తుంటారు.

మా గూడూరుకు రైలు లేదు. రైల్వే వాళ్లకు గూడూరంటే నెల్లూరు అవతలి జంక్షనే. మేం రైలెక్కాలంటే మానుకోట (మహబూబాబాద్)కో కేసముద్రానికో పోవాలి. సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ 2023 జనవరి 15న మొదలైంది. వరంగల్‌లో ఆగుతుంది, మళ్లీ ఖమ్మంలోనే. మానుకోట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లకు మిగిలేది దుమ్మూ, ఒక ప్రశ్నా. "నూట ఎనభై మీద ఉరుకుతదని టీవీల చూపిచ్చిన్రు గద సార్, మన దగ్గర గంత పోతలేదేంది?" అని ఒక పెద్దాయన నన్నే అడిగాడు. సరైన ప్రశ్నే. దానికి జవాబు ఆ ఇసుక బస్తాల దగ్గర ఉంది.

చెన్నైలోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో తయారైన మొదటి వందేభారత్‌ను అప్పట్లో ట్రెయిన్ 18 అనేవారు. దాన్ని నడిపించే విద్యుత్ పరికరాలు మన హైదరాబాద్‌లోని మేధా సంస్థవే. 2018 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోటా–సవాయ్ మాధోపూర్ మార్గంలో అది 180 కిలోమీటర్ల వేగం దాటింది. జనం ఎక్కింది మాత్రం 2019 ఫిబ్రవరిలో. తర్వాత మార్పులు చేసిన రకం వచ్చింది, మళ్లీ పరీక్షలు. 2022 ఆగస్టులో అందులో నీళ్ల గ్లాసు పెట్టి, చుక్క తొణకలేదని వీడియో తీశారు. దేశమంతా చూసింది ఆ గ్లాసునే.

గ్లాసు ముచ్చట చూడ్డానికి బాగుంటుంది గానీ సాక్ష్యానికి పనికిరాదు. అసలు సాక్షి రైడ్ ఇండెక్స్ అనే అంకె. జర్మనీకి చెందిన స్పెర్లింగ్ పేరు మీద ఉన్న లెక్క అది. మనిషి ఒంటికి కుదుపు ఎంత ఇబ్బంది పెడుతుందో ఒక అంకెలో చెబుతుంది. ఎంత తక్కువైతే అంత సుఖం. మన ప్రయాణికుల పెట్టెలకు 3.5 దాటకూడదు, 3.25 లోపు ఉంటే మేలు. ఒక వేగంతో నడిపి, అంకెలు చూసుకొని, బాగుంటేనే ఇంకొంచెం పెంచుతారు. ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి. వంపుల మీద, స్టేషన్ యార్డుల్లో పట్టాలు చీలేచోట. అంత వేగంలో ఉన్నట్టుండి బ్రేకు వేసి, ఎన్ని మీటర్లకు ఆగిందో కొలుస్తారు. అంగడిలో ఎడ్లను కొనే రైతు పళ్లు చూసి ఊరుకోడు, బరువు బండికి కట్టి ఎత్తు మీదికి తోలి చూస్తాడు. ఇదీ అంతే.

అన్నీ అయ్యాక చేతికి వచ్చేది పాసో ఫెయిలో కాదు. ఇలాంటి పట్టాల మీద, ఇంత బరువుతో, ఇంత వేగం వరకే అనే హద్దు. 180 దాకా ఉరికించి చూసిన బండిని నడపడానికి 160 మించనివ్వరు. అదీ పట్టాలు అందుకు తగ్గట్టు ఉన్నచోటే. మన కాజీపేట–కొండపల్లి లైనుకు 2022 సెప్టెంబరులో 130 దాకా అనుమతి వచ్చింది. పెద్దాయనకు నేను చెప్పింది ఇదే. బండికి సత్తా లేక కాదు, ఈ దారికి రాసిచ్చిన హద్దు అది.

ఆ హద్దు విషయంలో రైల్వే మాట ఒక్కటే చాలకుండా ఒక ఏర్పాటుంది. రైల్వే భద్రతా కమిషనర్ రైల్వే శాఖ కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. 1941లోనే ఈ తనిఖీ వ్యవస్థను రైల్వే బోర్డు నుంచి విడదీశారు. బండి నడిపేవాడే దానికి సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదన్న ఇంగితం అది. మన చెరువు కట్టలకూ కల్వర్టులకూ కూడా ఇలాంటి వేరే శాఖ మనిషి ఒకడుంటే ఎంత బాగుండును అని ప్రతి వానాకాలం అనిపిస్తుంది.

మన రాష్ట్రంలోనే ఇంకో పరీక్ష జరిగింది. 2022 మార్చి 4న లింగంపల్లి–వికారాబాద్ సెక్షన్‌లో ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు బండ్లు నడిపారు. ఒకదాని ఇంజిన్‌లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కూర్చున్నారు. బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ దానంతటదే బ్రేకు వేసి, రెండో బండికి 380 మీటర్ల దూరంలో ఆపేసింది. జరగకూడనిదాన్ని కావాలని జరిపించి చూడటమే పరీక్ష. రిబ్బన్ కత్తిరించడానికి ముందు బండి కాస్త కదిలించి చూపించేది ఉత్సవం.

అయితే ఏ పరీక్షకూ అందనివి కొన్నుంటాయి. 2022 అక్టోబరులో ముంబై–గాంధీనగర్ వందేభారత్ అహ్మదాబాద్ దగ్గర బర్రెలను ఢీకొట్టింది, ముక్కు ఊడింది. ఫైబర్ ముక్కు గనుక తొందరగానే మార్చారు, బర్రెలు మాత్రం పోయాయి. మన దగ్గర 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి రైళ్లు రోజుల తరబడి ఆగిపోయాయి. ఎంత పరీక్షించిన రైలైనా కింద నేల లేకపోతే చేసేదేముంది? అందుకే లైను వెంట సుత్తి, పానా పట్టుకొని నడిచే కీమ్యాన్‌ను నేను పరీక్షకుల్లో ఒకడిగానే లెక్కేస్తాను. ఆర్‌డీఎస్‌వో వాళ్ల పరీక్ష కొన్ని వారాల్లో ముగుస్తుంది, అతనిది రోజూ ఉంటుంది.

కొత్త రైలు ఎప్పుడు, జెండా ఎప్పుడు అని నాయకులను తొందరపెట్టడం మానేద్దాం. ఏ వేగానికి అనుమతి వచ్చింది, ఆ వేగానికి తగ్గట్టు మన లైను పక్క కంచె వేశారా, వరద నీళ్లు పోవడానికి దారి వదిలారా అని అడుగుదాం. ఇక మన వంతు పని ఒకటుంది. పశువులను పట్టాల దాకా తోలకండి, గేటు పడ్డాక కింది నుంచి దూరకండి. 130 మీద వచ్చే బండికి బ్రేకు వేసినా వెంటనే ఆగదు.