నిర్మాణాత్మక పాత్రికేయం: ‘గోలకొండ పత్రిక’ నెలకొల్పిన ప్రమాణం

సమస్యను చూపడంతో ఆగక, పరిష్కారం వైపు కూడా పాఠకుల దృష్టిని మళ్లించే వార్తారచనను నేటి మాధ్యమ అధ్యయనాలు నిర్మాణాత్మక పాత్రికేయమని వ్యవహరిస్తున్నాయి. ఆచరణలో ఈ మాట పలుమార్లు ‘మంచి వార్త’కు పర్యాయపదంగా మారుతున్నది. విజయగాథలకు పుటలు పెంచి, విమర్శకు చోటు తగ్గించడం నిర్మాణం కాజాలదు. తెలుగు పత్రికా చరిత్రలో ఈ భావనకు ఇంతకన్నా దృఢమైన అర్థం లభిస్తుంది.

కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ ఉద్యోగుల లంచగొండితనాన్ని, సాంఘిక దురాచారాలను నిశితంగా ఖండించింది. ఆ ఖండన అక్షరాలకే పరిమితం కాలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఖండన, నిర్మాణం పరస్పర విరుద్ధాలు కావనడానికి ఇది నిదర్శనం.

నిజాం రాష్ట్రంలో తెలుగు పత్రికకు అప్పగింపబడిన పని మరింత ప్రాథమికమైనది. అక్కడ పాలనా భాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష కూడా అదే. ఈ పరిస్థితిలో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926లో హైదరాబాదు నుండి ‘గోలకొండ పత్రిక’ వెలువడింది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న వ్యాఖ్య వచ్చినప్పుడు ఆ పత్రిక ఎంచుకున్న సమాధానం ప్రత్యేకంగా పరిశీలింపదగినది. సంపాదకీయంతో ఖండించి ఊరుకుంటే అది ఒక వాదవివాదంగానే ముగిసేది. ప్రతాపరెడ్డి కవుల రచనలను సేకరించి, 354 మందితో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించారు. అభిప్రాయానికి ఆధారంతో బదులు చెప్పడమే ఇందులోని విశేషం. చెదరి ఉన్న రచయితలకు తామొక సాహిత్య సమాజమన్న స్పృహను కూడా ఆ సంచిక కల్పించింది.

ఈ కృషికి పరిమితులు లేకపోలేదు. సంచికలోని రచనలన్నీ ఒకే స్థాయివి కావు. కవి అనే మాట ప్రధానంగా లిఖిత కవిత్వానికే వర్తించినందున పాట కట్టిన జానపదులు ఆ లెక్కకు వెలుపలే మిగిలారు. ఉనికిని నిరూపించే ప్రయత్నం కూడా కొందరి ఉనికిని గమనించలేకపోవచ్చునన్న హెచ్చరిక ఇందులో ఉన్నది. అయినా ఆ పరిమితిని నేడు గుర్తించగలగడానికి సైతం ఆ సంచికే ఆధారం కావడం గమనార్హం.

1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డే అధ్యక్షత వహించారు. ఆయన విషయంలో పత్రికా రచన, సాహిత్య సేకరణ, ప్రజా సంఘ నిర్మాణం వేర్వేరు వ్యాపకాలు కావు.

కనుక నిర్మాణాత్మకతను వార్తలోని ఆశావహ స్వరాన్ని బట్టి గాక, ఆ వార్త సమాజానికి సమకూర్చిన ఆధారాన్ని, సంఘటిత శక్తిని బట్టి నిర్ణయించవలసి ఉన్నది. వార్త క్షణాల్లో మరుగున పడుతున్న నేటి మాధ్యమ వ్యవస్థకు ఈ ప్రమాణం కఠినమైనదే. మారుతున్న సమాజంలో ఎవరి ఉనికి ఇంకా లెక్కకు రాలేదో వెదకి నమోదు చేసే పత్రికకే ఆ విశేషణం తగుతుంది.