పరిశోధన ఖర్చుకు పన్ను తగ్గింపు: చట్టము చెప్పినదేమి?

నల్లపాడు చుట్టుప్రక్కల పత్తి, మిరప, పొగాకు ఎరుగని విద్యార్థి ఉండడు. మూడింటి మీదను పరిశోధన చేయవచ్చును. కాని దానికి వ్యాపార సంస్థ పెట్టు ఖర్చును ఆదాయపు పన్ను చట్టము ఒకే కంటితో చూడలేదు. ఈ విషయమును గూర్చి మాటలాడువారు సాధారణముగా "నూటికి ఎంత?" అన్న ప్రశ్నతో ఆగిపోవుదురు. వారు చదువవలసినది నిర్వచనమును.

1961 నాటి చట్టములోని 43వ సెక్షను నాల్గవ ఖండము ప్రకారము, ప్రకృతి శాస్త్రములలోగాని అనువర్తిత శాస్త్రములలోగాని జ్ఞానమును విస్తరింపజేయు కార్యము ఏదైనను శాస్త్ర పరిశోధనయే. వ్యవసాయము, పశుపోషణ, చేపల పెంపకము ఇందులో చేరినవి. ప్రయోగము ఫలించి తీరవలెనన్న షరతు లేదు. శాస్త్రము బోధించువారికి ఇది నచ్చవలసిన నిర్వచనము. ఫలింపని ప్రయోగము కూడ ఒక సంగతి తెలుపును గదా!

గుమ్మము ఇంత విశాలమైనను లోపలి గది ఇరుకు. తన వ్యాపారమునకు సంబంధించిన పరిశోధన ఖర్చును ఆదాయము నుండి తీసివేయుట 35వ సెక్షనులోని సామాన్య నియమము. 1997 నాటి ఆర్థిక చట్టము దానికి 2ఏబీ ఉపవిభాగమును చేర్చి, కంపెనీ సొంత పరిశోధనశాలలో పెట్టిన నూరు రూపాయలకు 125 రూపాయలు తీసివేయనిచ్చెను. ఆ అంకె 150 అయి, 2010లో 200 అయి, 2017 ఏప్రిల్ నుండి మరల 150కి, 2020 ఏప్రిల్ నుండి నూటికి దిగెను. ఒక మిరప వంగడము స్థిరపడుటకు ఎన్నో పంటలు గడవవలెను. విత్తనము నిలకడకు రాకముందే చట్టము మారిపోయినచో కంపెనీ దేనిని నమ్మి ఖర్చు పెట్టును? నా దృష్టిలో దీని ముఖ్యదోషము ఇదే.

అమెరికాలో 1981లో వచ్చిన పద్ధతిలో తగ్గునది పన్నే. ఇక్కడ తగ్గునది పన్ను వేయదగిన ఆదాయము. పన్ను నూటికి 30 అనుకొందము. లక్ష ఖర్చుకు రెండు లక్షలు తీసివేయనిచ్చినను అదనముగా మిగులునది 30 వేలే.

2020 వరకు ఉండిన ఆ అదనపు లాభము అందరికిని లేకుండెను. జీవసాంకేతిక వ్యాపారము చేయు కంపెనీకి, వస్తువులు తయారుచేయు కంపెనీకి మాత్రమే ఉండెను. భూమి, భవనముల ఖర్చు లెక్కకు రాకుండెను. 11వ షెడ్యూలులోని సరకులు మినహాయింపబడినవి. పొగాకు అందులో ఉన్నది. కావున పత్తి విత్తనముపై జీవసాంకేతిక పరిశోధన చేయు కంపెనీకి తెరచిన తలుపు సిగరెట్ల కంపెనీకి మూయబడెను. తన చేనిలోనే మేలైన కాయలు ఏరి విత్తనము కట్టు రైతు సంగతి వేరు. వ్యవసాయాదాయముపై కేంద్రము పన్ను వేయదు గనుక అతనికి తగ్గించుటకు పన్నే లేదు!

చట్టము ఒక్కటి చదివిన చాలదు. 1962 నాటి నిబంధనలలో 6వది, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన శాఖ ఆమోదము, న్యాయస్థానముల తీర్పులు కలిసియే అర్థమును నిర్ణయించును. ఆమోదపు తేదీకి ముందటి ఖర్చు చెల్లదని అధికారులు వాదింపగా, చట్టములో అట్టి మాట లేదని 2008లో గుజరాతు హైకోర్టు క్లారిస్ లైఫ్‌సైన్సెస్ వ్యాజ్యములో తీర్పు చెప్పెను. 2016 జూలై నుండి, ఖర్చు ఎంతయో ఆ శాఖయే లెక్కకట్టి తెలుపునట్లు నిబంధన మారెను.

2026 ఏప్రిల్ 1 నుండి అమలు కావలెనని 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టము చేయబడినది. అందు సెక్షనుల సంఖ్యలు మారినవి. దానిని తెరచి 35వ సెక్షను కొరకు వెదకువారికి ఈ విషయము అక్కడ దొరకదు.