మజిలీకొక మనిషి

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. కారులో ఐదు గంటల దారి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటడం, సూర్యాపేటలోనో కోదాడలోనో టిఫినుకు ఆగడం, మళ్లీ బయల్దేరడం. సంక్రాంతి ముందు పంతంగి దగ్గర బారులు తీరే కార్లలో చాలామందికి ఈ రోడ్డుతో ఉన్న పరిచయం అంతవరకే. అటూ ఇటూ ఏ ఊళ్లున్నాయో తెలియకుండానే ఏళ్ల తరబడి తిరుగుతుంటారు.

హైదరాబాద్‌లో స్థిరపడిన ఒక కుటుంబం ఇదే దారిని రోజంతా ప్రయాణిస్తుంది. ఇంటాయనది చౌటుప్పల్ పక్క, ఇల్లాలిది బెజవాడ. పండగ రద్దీ లేని రోజు చూసుకుని తెల్లవారుతూనే కదులుతారు, చీకటి పడేలోగా చేరతారు. వాళ్లు పెట్టుకున్న నియమం ఒక్కటే. దారిలో ఆగే ప్రతి చోటూ కారులో ఉన్న ఎవరో ఒకరిది కావాలి. అక్కడి సంగతులు చెప్పేది వాళ్లే, ఎంతసేపుండాలో తేల్చేదీ వాళ్లే. మిగతావాళ్లు వినాలి.

మొదటి మజిలీ నానమ్మది. రహదారి వదిలి పక్కకు తిరిగితే భూదాన్ పోచంపల్లి. ఆ ఊరి పేరు ముందు 'భూదాన్' చేరడానికి కారణం కూడా ఒక మజిలీయే. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగిశాక తెలంగాణ పల్లెల్లో కాలినడకన తిరుగుతున్న వినోబా భావే, 18వ తేదీన ఇక్కడ ఆగారు. దళితుల వాడకు వెళ్లి మీకేం కావాలని అడిగారు. 80 ఎకరాల భూమి ఉంటే బతికిపోతామన్నారు వాళ్లు. వెదిరె రామచంద్రారెడ్డి ముందుకొచ్చి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమానికి అదే మొదలు. సాయుధ పోరాటపు వేడి ఇంకా చల్లారని రోజులవి.

నానమ్మ పుట్టిల్లు చేనేత ఇల్లు. అందుకే ఆమె మనవరాలిని నేరుగా ఆసు దగ్గరికి తీసుకెళ్తుంది. కొయ్య చట్రానికి ఒకవైపు అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, ఎదురుగా ఒకే ఒక మేకు. పోగును ఈ మేకు నుంచి ఆ వరసకు, అక్కడి నుంచి మళ్లీ ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. "గిట్ల తిప్పాలె బిడ్డా, లెక్క తప్పొద్దు" అంటూ నానమ్మ గాలిలో చెయ్యి ఆడించి చూపిస్తుంది, అంతలోనే భుజం పట్టుకుంటుంది. ఏడో తరగతి చదివే ఆ పిల్లకు ఆసు అంటే ఏమిటో, భుజం నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో ఒకేసారి అర్థమవుతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి పడే ఈ అవస్థ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త పిల్ల పుస్తకంలో చదివే ఉంటుంది. నానమ్మ భుజం చూశాక దాని విలువ తెలిసింది.

ఆసు పోసిన నూలుకు గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సన్నటి రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. విప్పి, మరోచోట కట్టి, ఇంకో రంగులో వేస్తారు. అదే చిటికి పని. మగ్గం ఎక్కకముందే డిజైను నూలులో ఉంటుంది. నేత మొదలయ్యాక పోగు పక్కకు జరిగితే గీత చెదురుతుంది. అందుకే ఈ ఇళ్లకు వెళ్లేవాళ్లు అడిగి లోపలికి వెళ్లాలి, నూలు ముట్టుకోకూడదు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల పనిచోటు కూడా. మనకోసం చేతిపని ఆపితే ఆ పూట వాళ్ల కూలి తగ్గుతుంది. చీరే కొనాలని లేదు, ఒక తువ్వాలు కొన్నా ఆ సమయానికి విలువిచ్చినట్టే.

రెండో మజిలీ సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి. ఇది నీటిపారుదల పనుల్లో ఇంజనీరైన నాన్నది. కాకతీయుల కింద రేచర్ల రెడ్లు ఏలిన ఊరు. ఇక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది. నున్నగా మెరిసే నల్లరాతి స్తంభాల మధ్య నిలబడి ఆయన చెప్పేది దేవుడి కథ కాదు, నీళ్ల కథ. అప్పట్లో ఊరు, గుడి, చెరువు ఒకదాన్ని ఒకటి ఆదుకునేవి. చెరువు కింది భూమిలో కొంత గుడికి రాసిచ్చేవారు. పంట పండితేనే దీపం వెలుగుతుంది కాబట్టి చెరువు బాగోగులు అందరి పనీ అయ్యేవి. పిల్లకు మాత్రం ఎరకసాని పేరే పట్టుకుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి తన పేరిట ఇంత గుడి కట్టించిందా అని అడుగుతుంది. నాన్న గొంతులో గర్వం దాగదు.

ఈ దారికి దగ్గర్లో ఫణిగిరి బౌద్ధ క్షేత్రం ఉంది, ముందుకు పోతే జగ్గయ్యపేట స్తూపం ఉంది. రెండూ చూడదగ్గవే. అయినా వాటిని మరోసారికి వదిలేస్తారు. ఒకే రోజులో ఐదారు చోట్లు కుక్కితే ప్రతిచోటా ఫొటో దిగి పరుగెత్తడమే అవుతుంది. నానమ్మ మోకాళ్లూ, స్టీరింగు పట్టిన మనిషి కళ్లూ మూడు మజిలీలకు మించి ఒప్పుకోవు. పైగా తీరిక ఉన్నప్పుడే పిల్లలు అసలు ప్రశ్నలు అడుగుతారు.

పాలేరు వాగు దాటితే ఆంధ్రప్రదేశ్. ఇక్కడి నుంచి అమ్మ వంతు. ఇబ్రహీంపట్నం దగ్గర కొండపల్లికి తిరుగుతారు. చిన్నప్పుడు బొమ్మల కొలువులో ఏ మెట్టు మీద ఏ బొమ్మ ఉండేదో ఆమెకు ఇప్పటికీ కంఠస్థం: పైన దశావతారాలు, కింద అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడెక్కే గీత కార్మికుడు. ఆ బొమ్మలు ఎలా పుడతాయో కూతురికి చూపించాలని ఆమె తాపత్రయం. తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన. తలా చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కళాకారుడు బొటనవేలితో భుజం దగ్గర మక్కు అద్ది, అతుకు కనిపించకుండా నున్నగా రాసేస్తాడు. ఆరాక ఆకురాయితో సాపుచేసి, తెల్లపూత వేసి, సన్నటి కుంచెతో కళ్లు దిద్దుతాడు. పొణికి కర్ర దొరకడం కష్టమవుతోందని అక్కడివాళ్లు చెబుతారు. చెట్లు పెంచితేనే ఈ పని నిలుస్తుంది. అమ్మ ప్రతిసారీ బొమ్మ కొంటుంది, బేరం ఆడదు.

వచ్చేసారి నాగార్జునసాగర్ మీదుగా వెళ్లాలని ఇప్పటికే అనుకున్నారు. ఆనకట్ట నీళ్లలో మునిగిపోయే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, బయటపడ్డ కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. ఈ మజిలీ తనదేనంటోంది మనవరాలు. నాగార్జునకొండకు లాంచీ ఏ వేళకు కదులుతుందో కనుక్కునే పనీ, అక్కడ నానమ్మకు అన్నీ విప్పి చెప్పే పనీ ఆమెకే అప్పగించారు.